హైదరాబాద్ డ్రగ్స్ లెక్క: కోట్లు వదిలేసి గ్రాములు చూద్దాం

ప్రెస్‌మీట్ ఫొటో అందరికీ తెలిసిందే. టేబుల్ మీద పొట్లాలు, పక్కన డిజిటల్ కాటా, వరసగా పేర్చిన సెల్‌ఫోన్లు, వెనక ముసుగులు వేసుకుని తలొంచుకున్న నిందితులు. శీర్షికలో మాత్రం కోట్లు. 2025 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర పోలీసులు వచ్చి చర్లపల్లి పారిశ్రామికవాడలోని ఒక కెమికల్ ఫ్యాక్టరీ మీద దాడి చేసినప్పుడు ఆ అంకె ఏకంగా 12 వేల కోట్లకు ఎగబాకింది. తీరా చూస్తే తయారై చేతికి దొరికిన మెఫెడ్రోన్ అనే కృత్రిమ మత్తుమందు ఆరు కిలోల లోపే. మిగిలినదంతా డ్రమ్ముల్లో ఉన్న వేల లీటర్ల రసాయనాలు, వాటితో ముందు ముందు ఎంత సరుకు చేయొచ్చో అన్న ఊహా లెక్క. ఆ అంకె మీద తెలంగాణ అధికారుల నుంచే అభ్యంతరాలు వచ్చాయి.

ఆరు కిలోలంటే తక్కువేం కాదు. మెఫెడ్రోన్ 50 గ్రాములుంటేనే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద శిక్ష పడేంత బరువు, అంటుంది. ఆరు కిలోలు దానికి 120 రెట్లు. అంటే అసలు విషయం గ్రాముల్లోనే ఉంది, కోట్ల లెక్క అవసరమే లేదు. పైగా ఆ కోట్లు ఏ ధరకు కట్టినవో ఎవరూ చెప్పరు. తయారైన చోట ధర వేరు, పెడ్లర్ చేతికొచ్చేసరికి వేరు, పబ్బు బయట గ్రాము చొప్పున అమ్మేటప్పుడు ఇంకా వేరు. ఏ ధర తీసుకుంటే ఆ శీర్షిక వస్తుంది.

హైదరాబాద్‌లో డ్రగ్స్ మీద ప్రభుత్వం ఏం చేస్తోంది, ఎక్కడ ఫలితం వస్తోంది, ఎక్కడ రావట్లేదు అన్నది తెలుసుకోవాలంటే ముందు ఒక చిక్కు విడదీయాలి. మనం 'డ్రగ్స్ దందా' అని ఒకే ముద్దగా చెప్పుకునేది నిజానికి మూడు వేర్వేరు వ్యాపారాలు. ఒకటి విదేశాల నుంచి వస్తుంది, రెండోది కొండల మీద నుంచి దిగుతుంది, మూడోది ఇక్కడే తయారవుతుంది. మూడింటి సరుకు వేరు, కొనేవాళ్లు వేరు, పట్టుకునే శాఖలూ వేరే. వార్తల్లో మొదటిది ఎక్కువ కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఎక్కువమంది ఒంటికి చేటు చేస్తున్నది మూడోది.

విమానంలో వచ్చేది

విదేశీ సరుకు అనగానే ఓడలు, కంటైనర్లు గుర్తొస్తాయి. 2021 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్ఐ అధికారులు దాదాపు 2,988 కిలోల హెరాయిన్ పట్టుకున్నప్పుడు దిగుమతిదారు చిరునామా విజయవాడ అని తేలడంతో తెలుగునాట పెద్ద దుమారమే రేగింది. అఫ్గానిస్థాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా, టాల్క్ రాళ్ల పేరుతో వచ్చింది. అందులో బెజవాడ పాత్ర కాగితం మీద చిరునామా వరకే, సరుకు వెళ్లాల్సింది ఉత్తరాదికి. ఎగుమతి, దిగుమతుల లైసెన్సు తీసుకోవడం ఎంత తేలికో, దాని వెనక ఎవరున్నారో చూసే నాథుడు ఎలా లేడో ఆ కేసు చూపించింది.

హైదరాబాద్‌కు సముద్రం లేదు. ఇక్కడికి విదేశీ సరుకు వచ్చే దారి శంషాబాద్ ఎయిర్‌పోర్టు, లేదంటే కొరియర్ పార్శిల్. ఒకప్పుడు శంషాబాద్‌లో దొరికేది ఎక్కువగా ఆఫ్రికా దేశాల నుంచి సూట్‌కేసు అడుగు పొరలో దాచి తెచ్చే హెరాయిన్, కొకైన్. ఇప్పుడు బ్యాంకాక్ నుంచి వచ్చే హైడ్రోపోనిక్ గంజాయి ఊపందుకుంది. మట్టి లేకుండా, లైట్ల కింద, పోషకాలు కలిపిన నీళ్లలో పెంచిన గంజాయి ఇది. మత్తు ఎక్కువ, ధర మన్యం గంజాయికి ఎన్నో రెట్లు. గాలి తీసేసి సీలు చేసి, చిప్స్ ప్యాకెట్ల లాంటి వాటిలో దాచి తెస్తారు. తెచ్చేది చాలాసార్లు టికెట్టు, హోటలు, కాస్త డబ్బు ఆశ చూపితే ఒప్పుకున్న మామూలు కుర్రాళ్లు, ఆడవాళ్లు. పంపిన వాడు బ్యాంకాక్‌లోనే ఉంటాడు.

ఎయిర్‌పోర్టులో సోదా చేసేది కస్టమ్స్. ముందస్తు సమాచారంతో వల పన్నేది డీఆర్ఐ. 1986లో ఏర్పడిన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో (ఎన్‌సీబీ) దేశమంతటికీ సమన్వయ సంస్థ. మూడూ కేంద్రానివే. ఈ సరుకు ఎయిర్‌పోర్టు గేటు దాటి గచ్చిబౌలి ఫ్లాట్‌కో, జూబ్లీహిల్స్ పార్టీకో చేరిందంటే అక్కడి నుంచి రాష్ట్ర పోలీసుల పని. కొకైన్, పార్టీల్లో వాడే ఎండీఎంఏ లాంటివి మాత్రం చాలావరకు నేరుగా ఇక్కడ దిగవు. గోవాకో, బెంగళూరుకో, ముంబైకో చేరి, అక్కడి నుంచి బస్సులో, కొరియర్లో, రెండు గ్రాములూ ఐదు గ్రాములుగా వస్తాయి. డబ్బు ఫోన్లో కడతారు, సరుకు ఎక్కడో పొదలో పెట్టి లొకేషన్ పంపుతారు. అమ్మినవాడి మొహం కొన్నవాడు చూడడు. డార్క్ వెబ్‌లో క్రిప్టోతో కొని పోస్టులో తెప్పించుకునే ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు అయితే చిన్న కాగితం ముక్క. పార్శిళ్ల కుప్పలో దాన్ని వెతకడం ఎవరి తరం?

వీసా గడువు తీరినా ఇక్కడే ఉండి ఈ దందా చేసే విదేశీయుల సంగతి ఇంకో తలనొప్పి. అరెస్టు చేసి కేసు పెడితే, అది తేలేదాకా దేశం దాటించడం కష్టం. బెయిల్ మీద బయటికొచ్చి మళ్లీ అదే పని. అందుకే సరుకు దొరకని సందర్భాల్లో కేసుల జోలికి పోకుండా స్వదేశానికి పంపించేయడానికే పోలీసులు మొగ్గు చూపుతున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు.

కొండ దిగి వచ్చేది

బరువు ప్రకారం చూస్తే హైదరాబాద్ చుట్టుపక్కల పట్టుబడేదాంట్లో సింహభాగం గంజాయే. అది పండేది ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో. ఇటు అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ మండలాలు, అటు మల్కన్‌గిరి, కోరాపుట్. రోడ్డు సరిగా లేని ఊళ్లు, ముందే అడ్వాన్సు ఇచ్చి పంట వేయించే దళారులు, పండించినవాడికి నాలుగు డబ్బులు, అమ్మినవాడికి నాలుగు లక్షలు. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో కొండలెక్కి వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి జిల్లాగా ఏర్పడబోతున్న ప్రాంతంలో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. ఆ తర్వాత ఇటువైపు సాగు బాగా తగ్గింది. తోటలు మాత్రం సరిహద్దు దాటి ఒడిశా వైపు జరిగాయి. కాఫీ, మిరియాలు వేసుకోమని మొక్కలిస్తే సరిపోదు. కాఫీ కాపుకొచ్చే దాకా ఆ మూడు నాలుగేళ్లు ఇల్లు గడిచేదెలా అన్న ప్రశ్నకు జవాబు దొరికిన ఊళ్లలోనే మార్పు నిలబడుతుంది.

భద్రాచలం, ఖమ్మం, సూర్యాపేటల మీదుగా, లేదా రాజమండ్రి, విజయవాడ హైవే పట్టుకుని ఆ సరుకు ఔటర్ రింగ్ రోడ్డుకు చేరుతుంది. అందులో ఎక్కువ భాగం నగరంలో ఆగదు. ఔటర్ మీదుగా పటాన్‌చెరు, జహీరాబాద్ దాటి మహారాష్ట్రకో, ఇంకా పైకో పోతుంది. మనది ప్రధానంగా దారి ఊరు. కొబ్బరిబోండాల లారీ అడుగున, డీసీఎం బాడీకి వేసిన దొంగ అరలో, రైలు బోగీలో సీటు కింద ఎవరిదో తెలియని బ్యాగులో వెళ్తుంది. రైళ్లలో ఒక చిక్కుంది. బ్యాగు దొరుకుతుంది, మనిషి దొరకడు.

నగరంలో ఆగే కొద్ది భాగమే గ్రాముల పొట్లాలై కాలేజీల దగ్గరికి, లేబర్ అడ్డాలకు చేరుతుంది. ధూల్‌పేట పేరు ఇక్కడే వినిపిస్తుంది. ఒకప్పుడు గుడుంబాకు పేరుమోసిన చోటు. సర్కారు బట్టీలు మూయించాక కొందరు పాత గిరాకీని పట్టుకుని గంజాయిలోకి దిగారు. 2024లో ఎక్సైజ్ శాఖ 'ఆపరేషన్ ధూల్‌పేట' పెట్టి వరసగా దాడులు చేసింది. ధూల్‌పేట అంటే వినాయక విగ్రహాలు, పతంగులు చేసుకుని బతికే కుటుంబాల బస్తీ కూడా. అందర్నీ ఒకే గాటన కట్టేసి రాసే వార్తలు చదివితే చిరాకేస్తుంది. ఒక మత్తు మూయించి బతుకుదెరువు చూపించకపోతే దాని జాగాలోకి ఇంకో మత్తు వస్తుందన్న సంగతి మాత్రం ధూల్‌పేటలో కళ్ల ముందే కనిపించింది.

ఇక్కడే తయారయ్యేది

ఇక మూడోది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది హైదరాబాద్‌కే ప్రత్యేకం.

బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టిన నాటి నుంచి ఈ నగరం మందుల తయారీకి పెట్టింది పేరు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, చర్లపల్లి వాడల్లో వందల యూనిట్లు. రసాయనాలు కలిపి మందు తయారుచేసే రియాక్టర్ నడపడం వచ్చిన ఆపరేటర్లు, ప్రాసెస్ తెలిసిన కెమిస్టులు, సెకండ్‌హ్యాండ్ సామాను, సాల్వెంట్లు అమ్మే దుకాణాలు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. నష్టాలొచ్చి మూతపడ్డ షెడ్డు అద్దెకు తీసుకుంటే కావాల్సినవన్నీ కూతవేటు దూరంలో ఉంటాయి. 2022 డిసెంబర్‌లో డీఆర్ఐ అధికారులు హైదరాబాద్‌లో రెండు రహస్య ల్యాబ్‌ల మీద దాడి చేసి దాదాపు 25 కిలోల మెఫెడ్రోన్ పట్టుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలోనే ఆల్ప్రాజోలం తయారీ బయటపడింది. కింద పిల్లలకు పాఠాలు, మేడ మీద రియాక్టర్లు. ఆ సరుకు పోయేది కల్లు డిపోలకు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే మెషీన్లు, కుక్కలు ఉంటాయి. పారిశ్రామికవాడలో రాత్రిపూట వచ్చే ఘాటు వాసనలో ఏది లైసెన్సు ఉన్న మందుదో, ఏది కాదో చెప్పే కుక్క లేదు. ముడిసరుకు మీద నిఘా లేదని కాదు. 2013 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ లాంటి కొన్ని రసాయనాలు కొనాలన్నా అమ్మాలన్నా ఎన్‌సీబీ దగ్గర నమోదై, లెక్కలు చూపించాలి. కానీ ఆ జాబితా చిన్నది. జాబితాలో లేని రసాయనంతో మొదలుపెట్టే దారులు కెమిస్టులకు తెలుసు. ఒక రసాయనాన్ని జాబితాలో చేరిస్తే మామూలు కంపెనీలకు కాగితాల బరువు పెరుగుతుంది, దొంగలు పక్క దారి వెతుక్కుంటారు. జాబితా ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

ఆల్ప్రాజోలం అంటే ఆందోళన తగ్గడానికి, టెన్షన్‌తో నిద్రపట్టని వాళ్లకు సైకియాట్రిస్టులు రాసే మాత్ర. సాధారణంగా పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. అర మిల్లీగ్రాము చొప్పున లెక్కేస్తే ఒక్క కిలో పౌడర్ 20 లక్షల మాత్రలకు సమానం. ఇది కల్లులోకి ఎలా వచ్చిందన్నది చెట్ల లెక్క. తాగేవాళ్లు లక్షల్లో, నగరం చుట్టుపక్కల తాటి, ఈత చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో కొత్త రాష్ట్రం వచ్చాక మళ్లీ తెరిచారు. దుకాణాలు తెరిచినంత సులువుగా చెట్లు పెరగవు కదా. చాలని కల్లును నీళ్లతో పెంచి, తీపికి శాక్రిన్, మత్తుకు మందు కలుపుతారు. మునుపు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజోపామ్, ఇప్పుడు ఆల్ప్రాజోలం. ఎంత చిటికెడు ఎక్కువ పడినా కొలిచేవాడు లేడు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చనిపోయినవాళ్లు కూలీనాలీ చేసుకునే పేదలు, వాళ్లలో పెద్దవయసు వాళ్లూ ఉన్నారు. పబ్బులో ఐదు గ్రాముల కొకైన్ దొరికితే వారం రోజులు టీవీల్లో చర్చ. కల్లు కాంపౌండ్ చావులు రెండు మూడు రోజుల్లో లోపలి పేజీలకు వెళ్లిపోయాయి.

ఇంకో చిక్కేమిటంటే ఈ మందు కల్లును ఒక్కసారిగా ఆపేస్తే కూడా ప్రమాదమే. రోజూ తాగేవాడికి మూడోరోజుకు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఏవేవో కనిపిస్తున్నాయంటాడు, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు క్యూ కట్టింది ఇలాంటివాళ్లే. దాడి చేసి దుకాణం సీలు వేసే అధికారి వెంట ఒక డాక్టర్ల బృందం కూడా ఆ బస్తీకి వెళ్లాలి. అది జరగడం చాలా అరుదు.

ఎవరు ఏం చేస్తున్నారు

రాష్ట్రం వైపు నుంచి గత కొన్నేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ప్రత్యేక విభాగాలు. అంతకుముందు డ్రగ్స్ కేసు అంటే లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కు పది పనుల్లో పదకొండో పని. 2022 ఫిబ్రవరిలో హైదరాబాద్ కమిషనరేట్‌లో హెచ్-న్యూ అనే నార్కోటిక్స్ విభాగం మొదలైంది. 2023 మే 31న రాష్ట్రమంతటికీ తెలంగాణ స్టేట్ యాంటీ నార్కోటిక్స్ బ్యూరో వచ్చింది, సీవీ ఆనంద్ దాని తొలి డైరెక్టర్. అదే సంస్థకు 2025 జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'ఈగల్' అని కొత్త పేరు పెట్టారు. అంతకు కొద్ది నెలల ముందే ఆంధ్రప్రదేశ్ కూడా తన విభాగానికి ఈగల్ అనే పేరు పెట్టుకుంది. ఫోన్లో 'ఈగల్ నుంచి మాట్లాడుతున్నాం' అంటే ఏ రాష్ట్రం ఈగలో అడగాల్సిందే.

పేర్ల మాట ఎలా ఉన్నా పనితీరులో తేడా వచ్చింది. పెడ్లర్ దొరికితే అక్కడితో ఆపకుండా అతని ఫోన్లో ఉన్న కొనుగోలుదార్ల దాకా, అతనికి డబ్బు పంపే హవాలా దాకా తీగ లాగుతున్నారు. కొన్నవాళ్లకు మూత్ర పరీక్షలు చేస్తున్నారు. స్కూళ్లలో ప్రహరీ క్లబ్బులు, కాలేజీల్లో యాంటీ డ్రగ్ కమిటీలు పెట్టించారు. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తున్నాయి, కొన్ని జూన్ 26న ర్యాలీ తీసి ఫొటో దిగడం వరకే.

శాఖల మధ్య గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. కల్లు ఎక్సైజ్ శాఖది. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం తయారైన ఫ్యాక్టరీ లైసెన్సు డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌ది. షెడ్డుకు స్థలం పరిశ్రమల వాళ్లది, అక్కడి నుంచి వచ్చే వ్యర్థాలు కాలుష్య నియంత్రణ మండలి పని. దారిలో పట్టుకుంటే పోలీసులది. ఈ ఐదు శాఖల దగ్గరా ఐదు ముక్కల సమాచారం ఉంటుంది. కేంద్రం 2016లో ఎన్‌కార్డ్ అని సమన్వయ కమిటీలు పెట్టింది, జిల్లా కలెక్టర్ స్థాయి దాకా. మీటింగులు జరుగుతాయి. చర్లపల్లిలో నడుస్తున్న ఫ్యాక్టరీ సంగతి మనకన్నా ముందు మహారాష్ట్ర పోలీసులకు తెలిసిందంటే ఆ ముక్కలు ఇంకా అతకలేదనే అర్థం.

గ్రాము తేడాతో మారే కేసు

పట్టుకోవడం సగం పనే. మిగతా సగం కోర్టులో. మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం చాలా కఠినమైనది, అందుకే ఆ చట్టం కింద అధికారులు పాటించాల్సిన పద్ధతులూ అంతే కఠినం.

మొదటి మెట్టు బరువు. ప్రతి మత్తు పదార్థానికీ 'స్వల్ప పరిమాణం', 'వాణిజ్య పరిమాణం' అని రెండు గీతలున్నాయి. గంజాయికి కిలో, 20 కిలోలు. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కు 2, 100. ఎండీఎంఏకు అర గ్రాము, 10 గ్రాములు. ఆల్ప్రాజోలానికి 5, 100. మొదటి గీత దాటకపోతే శిక్ష ఏడాది లోపు. రెండు గీతల మధ్య అయితే పదేళ్ల దాకా. రెండో గీత దాటితే పదేళ్లకు తక్కువ కాదు, ఇరవై ఏళ్ల దాకా. అంతకన్నా ముఖ్యం, రెండో గీత దాటితే 37వ సెక్షన్ వస్తుంది. నిందితుడు తప్పు చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికెళ్తే మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కుదిరితే తప్ప బెయిల్ లేదు. చార్జిషీటుకు పోలీసులకు 180 రోజులు దొరుకుతాయి.

ఈ గీతలు స్మగ్లర్లకు మనకన్నా బాగా తెలుసు. 19 కిలోల బ్యాగుకూ 21 కిలోల బ్యాగుకూ మధ్య జైల్లో ఏళ్ల తేడా ఉంది. ఇందులో ఇంకో వింత. బ్యాంకాక్ నుంచి ఒకడు ఏడు కిలోల హైడ్రోపోనిక్ గంజాయి తెచ్చాడనుకోండి, దాని విలువ మన్యం గంజాయి లారీ లోడుతో పోటీ పడుతుంది. చట్టానికి మాత్రం అదీ గంజాయే, గీత 20 కిలోలే. కాబట్టి అతనికి 37వ సెక్షన్ అడ్డం రాదు, బెయిల్ దారి తెరిచే ఉంటుంది. ఈ గీతలు గీసింది 2001లో. అప్పటికి బ్యాంకాక్ సరుకు ఊసే లేదు. దీన్ని కేంద్రం మార్చాలి, రాష్ట్రం చేతిలో లేదు.

పట్టుకున్న చోటే సాక్షుల ముందు పంచనామా రాయడంలో కేసు సగం గెలుస్తారు, లేదా ఓడిపోతారు. అర్ధరాత్రి ఔటర్ ఎగ్జిట్ దగ్గర కారు ఆపారనుకోండి. సమాచారం ముందే ఉంటే దాన్ని రాసిపెట్టి పైఅధికారికి పంపారా? రాత్రిపూట వారెంటు లేకుండా ఇంట్లోకి వెళ్తే కారణం రాశారా? మనిషి ఒళ్లు తడిమి చూసే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు నీకుందని చెప్పారా? అది 50వ సెక్షన్, బ్యాగు సోదాకు వర్తించదు, ఒంటి సోదాకు తప్పనిసరి. పంచులుగా, అంటే సాక్షులుగా, ఎవరిని పిలిచారు? కాటా మీద పెట్టినప్పుడు గోనెసంచితో కలిపి తూచారా, సంచి తీసేసి తూచారా? చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేని వట్టి ఆకులు, గింజలు లెక్కలోకి రావు. సంచిలో కాడలెన్ని, ఆకులెన్ని అని డిఫెన్స్ లాయర్ అడుగుతాడు. సంచితో కలిపి 20 కిలోల 600 గ్రాములని రాస్తే, సంచి బరువు తీసేసరికి వాణిజ్య పరిమాణం గీత కిందికి జారిపోవచ్చు. శాంపిళ్లు మేజిస్ట్రేటు ముందు తీయాలని 52ఎ సెక్షన్ చెబుతుంది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా గుర్తుచేసింది, 2022లో కేంద్రం కొత్త నిబంధనలూ తెచ్చింది. ఆ శాంపిల్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు (ఎఫ్ఎస్ఎల్) చేరే దాకా సీలు మీద సంతకాలు కలవాలి.

2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఈ లెక్కను అటూ ఇటూ మార్చాయి. హీరా సింగ్ కేసులో, కొకైన్‌లో ఏ పొడి కలిపినా మొత్తం మిశ్రమం బరువే లెక్క అన్నారు. అది పోలీసులకు కలిసొచ్చింది. తూఫాన్ సింగ్ కేసులో, అధికారుల ముందు నిందితుడు ఒప్పుకున్నాడన్న వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదన్నారు. అది వాళ్ల చేతిలో పాత ఆయుధాన్ని తీసేసింది. 'విచారణలో ఫలానావాళ్ల పేరు చెప్పాడు' అన్న వార్త చదివినప్పుడు ఈ రెండో తీర్పు గుర్తుంచుకోండి. పేరు చెప్పడం వేరు, రుజువు కావడం వేరు.

2017లో సినిమా వాళ్లను వరసగా పిలిచి ఎక్సైజ్ సిట్ విచారించిన కేసు ఎవరూ మర్చిపోలేదు. లైవ్ వ్యాన్లు, రక్తం, గోళ్లు, వెంట్రుకల శాంపిళ్లు, నెలల తరబడి చర్చ. చివరికి ఆ కేసులు చాలావరకు కోర్టులో నిలవలేదు, పద్ధతి ప్రకారం సాక్ష్యం సేకరించలేదన్నదే ప్రధాన లోపం. మొదటి వారం హడావుడిలో కొంత ఓపిక పంచనామాల మీద పెట్టి ఉంటే వేరేగా ఉండేదేమో. అప్పుడు టీవీలో కనిపించినవాళ్ల పరువు పోయింది, సరుకు తెచ్చినవాళ్లకు పెద్దగా ఏమీ కాలేదు.

కేసు నిలవదన్న అనుమానంతో పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టడం మన రాష్ట్రంలో పాత అలవాటు. విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో పెట్టొచ్చు. కానీ తెలంగాణలో ఈ చట్టాన్ని ఇష్టారాజ్యంగా వాడుతున్నారని 2022లో, మళ్లీ 2023లో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. పాత నేరస్తులను కట్టడి చేయడానికి పీడీ యాక్టు పనికొస్తుందని పోలీసులు అనడంలో అబద్ధం లేదు. నిందితుడికి శిక్ష పడేలా కేసు కట్టే కష్టం తప్పించుకోవడానికీ అది పనికొస్తోంది.

అసలు దెబ్బ తగిలేది డబ్బు మీద కొడితే. పెట్టుబడి పెట్టినవాడికి 27ఎ సెక్షన్ కింద పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష, పరిమాణంతో పని లేదు. డ్రగ్స్ డబ్బుతో కొన్న ఇళ్లు, బండ్లు 68ఎఫ్ కింద స్తంభింపజేయొచ్చు. మనీ లాండరింగ్ కోణంలో ఈడీ రావచ్చు. దీనికి బ్యాంకు స్టేట్‌మెంట్లు చదవగలిగే ఇన్‌స్పెక్టర్లు కావాలి, వాళ్లను రెండేళ్లకోసారి బదిలీ చేయకుండా ఉంచాలి. తాళాలు పగలగొట్టే దాడులకు వచ్చే పేరు స్టేట్‌మెంట్లు చదివే పనికి రాదు కాబట్టి ఆ పని వెనకబడుతోంది.

వాడినవాడి సంగతి

2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్రం కోసం చేసిన సర్వే ప్రకారం దేశంలో గంజాయి, భంగు, చరస్ వాడేవాళ్లు దాదాపు 3 కోట్ల మంది. అంతమందిని జైళ్లలో పెట్టలేం, పెట్టాల్సిన పనీ లేదు. చట్టానికి కూడా ఆ సంగతి తెలుసు. వాడటం మాత్రమే నేరమైతే 27వ సెక్షన్ కింద శిక్ష, పదార్థాన్ని బట్టి, ఆరు నెలల దాకానో ఏడాది దాకానో జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 64ఎ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. అలవాటు పడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే, వాడినందుకు గానీ స్వల్ప పరిమాణం దగ్గర ఉంచుకున్నందుకు గానీ విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు.

ఈ సెక్షన్ గురించి తెలిసిన తల్లిదండ్రులు నాకు చాలా తక్కువమంది కనిపించారు. పిల్లాడి బ్యాగులో పొట్లం దొరికితే భయం భయంగా దాన్ని టాయిలెట్లో పారేసి, నాలుగు తగిలించి, సంగతి బంధువులకు తెలియకుండా ఊరు పంపించేస్తారు. పోలీసులకు చెబితే కేసవుతుందని, డాక్టర్‌కు చెబితే పెళ్లి సంబంధాలు చెడతాయని. మనిషి పొరపాటున పేరున్న ఏ రీహాబ్‌లోనో (అలవాటు మాన్పించే కేంద్రంలో) చేరితే లక్షల బిల్లు. ఎర్రగడ్డలో వైద్యం దాదాపు ఉచితం, కానీ 'ఎర్రగడ్డ' అన్న మాటే మన ఊళ్లో తిట్టు కాబట్టి ఎవరూ వెళ్లరు. సరుకు గురించి సమాచారం ఇవ్వాలంటే తెలంగాణలో 1908కి, దేశంలో ఎక్కడి నుంచైనా 1933కి ఫోన్ చేయొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. 1933కి చేస్తే చికిత్స ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతారు.